ఇనుప బీములు, కర్ర దూలాలు ఊగకుండా బిగించడం ఎలా?

విశాఖపట్నంలో మేడమీద రేకుల షెడ్డు వేయించుకున్నవారూ, దుకాణంలో ఇనుప బీముల మీద అటక కట్టించుకున్నవారూ, వన్ టౌన్‌లో తాతల నాటి మద్రాసు టెర్రస్ (కర్ర దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన కప్పు) ఇంటిని కాపాడుకోవాలనుకునేవారూ మేస్త్రీని తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: “బీము ఊగుతోంది, దీనికన్నా లావు బీము వేయాలా?” చాలాసార్లు కావలసింది లావు బీము కాదు. ఉన్న బీమును పక్కకు ఒరగకుండా పట్టుకునేది ఏదీ లేకపోవడం వల్లనో, పట్టుకున్న వస్తువు తానే కదిలేది కావడం వల్లనో ఆ ఊగు వస్తుంది. కాబట్టి ఈ పనిలో మొదటి నుంచి చివరి వరకు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఇది: బీము ఏ వైపు కదులుతోంది, దాన్ని ఆపడానికి నేను వేసే కట్టు చివరికి కదలని చోటికి చేరుతోందా?

ఒక హద్దు ముందే చెప్పుకోవాలి. ఇక్కడ రాసినదంతా అటకలు, షెడ్లు, వరండాలు, పాత కర్ర కప్పుల వంటి చిన్న పనులకు సంబంధించినది. పైన జనం కాపురముంటున్న శ్లాబును మోసే బీమునూ, పగుళ్లు వచ్చిన కాలమ్‌నూ, గోడ తీసేసి దాని స్థానంలో వేసే గర్డరునూ స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టి ఇచ్చిన డ్రాయింగు లేకుండా ముట్టుకోకండి.

ముందు కదలికను కొలవండి

బీము కదలిక మూడు రకాలు. బరువుకు నడుము కిందికి వంగడం ఒకటి, పక్కకు ఒరిగి మెలి తిరగడం రెండోది, స్తంభాలతో సహా చట్రం మొత్తం ఒక వైపుకు ఊగడం మూడోది. మూడింటికీ మందు వేరు కాబట్టి, ఏది జరుగుతోందో తేల్చుకోకుండా వెల్డరును పిలవకండి.

వంపును కొలవడానికి మంచి నూలు దారం, స్టీలు స్కేలు చాలు. బీము రెండు చివర్లలో అడుగున 20 మి.మీ. మందం ఉన్న చెక్క ముక్కలు ఒక్కొక్కటి పెట్టి, వాటి కింది అంచుల మీదుగా దారాన్ని బిర్రుగా లాగి కట్టండి. నడి మధ్యన దారానికీ బీము అడుగుకూ మధ్య దూరం 20 మి.మీ. ఉంటే బీము తిన్నగా ఉన్నట్టు, 11 మి.మీ. మాత్రమే ఉంటే 9 మి.మీ. వంగినట్టు. సామాను ఉన్నప్పుడొకసారి, దింపేశాక ఒకసారి కొలిచి రాసుకోండి, ఎందుకంటే బరువు తీశాక వెనక్కి వచ్చే వంపు వేరు, శాశ్వతంగా నిలిచిపోయిన వంపు వేరు. ఉక్కు కట్టడాలకు మన దేశంలో ప్రమాణమైన ఐఎస్ 800 ప్రకారం పగుళ్లిచ్చే టైల్స్, ప్లాస్టరింగు వంటివి మోసే బీము తన పొడవులో 360వ వంతుకు మించి, అటువంటివేవీ లేని బీము 300వ వంతుకు మించి వంగకూడదు. అంటే నాలుగు మీటర్ల బీముకు సుమారు 11 మి.మీ., 13 మి.మీ. అన్నమాట. పైగా ఊగిందని అనిపించే ప్రతి బీమూ ఈ హద్దు దాటి ఉండదు.

పక్కకు ఒరగడాన్ని కంటితోనే పట్టవచ్చు. ఒక చివర నిలబడి, ఒక కన్ను మూసుకుని, పై అంచు వెంబడి రెండో చివరకు చూడండి. పై అంచు విల్లులా ఒక పక్కకు పోయి కింది అంచు తిన్నగా ఉంటే ఆ బీము మెలి తిరుగుతోంది. మూడో కదలికకు పరీక్ష ఇంకా సులభం: స్తంభాన్ని తల ఎత్తులో రెండు అరచేతులతో నెట్టి వదలండి. పైన రేకుల బోల్టులు కిటకిటమన్నా, స్తంభం అడుగున బేస్ ప్లేటు పక్కన సిమెంటు పొడి రాలినా చట్రానికి ఏటవాలు కట్టు లేదని అర్థం.

పక్కకు పోకుండా పట్టడం

ఇంట్లో పిల్లల ప్లాస్టిక్ స్కేలును అంచు మీద నిలబెట్టి, రెండు చివర్లు పట్టుకుని, మధ్యలో పై నుంచి వేలితో నొక్కి చూడండి. అది కిందికి వంగదు, చటుక్కున పక్కకు తిరిగిపోతుంది. సన్నని పొడవాటి ఐ బీము (ఇంగ్లీషు I అక్షరంలా ఉండే ఉక్కు బీము) కూడా అంతే. బరువు పడినప్పుడు దాని పై ఫ్లాంజ్, అంటే I అక్షరపు పై అడ్డ పట్టీ, నొక్కుడుకు లోనవుతుంది, నొక్కుడు పడిన సన్నని వస్తువు ఎప్పుడూ పక్కకు తప్పించుకోవాలని చూస్తుంది. కాబట్టి రెండు చివర్ల మీద కూర్చున్న మామూలు బీముకు పై ఫ్లాంజ్‌నే పట్టాలి. గోడలోంచి బయటికి వచ్చిన బాల్కనీ బీముకు నొక్కుడు కింది ఫ్లాంజ్‌లో ఉంటుంది; అక్కడ పైదాన్నో కిందిదాన్నో ఒక్కదాన్ని పట్టి ఊరుకోకుండా, కొసలోనూ గోడ దగ్గరా బీము నిండు ఎత్తుకు అడ్డ ఛానెల్ వేసి మెలి తిరగకుండా ఆపడం మేలు.

ఎంత బలంగా పట్టాలి? నొక్కుడు పడిన ఫ్లాంజ్‌లోని గరిష్ఠ బలంలో కనీసం 2.5 శాతాన్ని ఆ కట్టు ఆపగలగాలని ఐఎస్ 800 చెబుతుంది. నాలుగు మీటర్ల పొడవున్న ఐఎస్ఎంబి 150 బీము (150 మి.మీ. లోతున్న ఐ బీము) మీద మీటరుకు 400 కిలోల బరువు ఉందనుకుంటే, ఆ పక్క బలం సుమారు 140 కిలోలు అవుతుంది. అది ఇద్దరు మనుషుల బరువంత. 50×50×6 మి.మీ. యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుము) ముక్కను సరిగా వెల్డింగు చేస్తే అవలీలగా ఆపుతుంది, బీము మీద వదులుగా పరిచిన ప్లైవుడ్ ఎంతమాత్రం ఆపదు. అటక చెక్కలను పై ఫ్లాంజ్‌కు బోల్టులతోనో, ఉక్కులో దిగే స్క్రూలతోనో బిగించినప్పుడే అవి కట్టు కిందికి వస్తాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. గాజువాకలో ఒక హార్డ్‌వేర్ దుకాణం అటకను చూడమని నన్ను పిలిచారు. నాలుగు బీములు, వాటి మధ్య మీటరున్నరకు ఒకటి చొప్పున యాంగిల్ ముక్కలు, వెల్డింగు కూడా శుభ్రంగానే ఉంది. అయినా పైన మనిషి నడిస్తే గోడకున్న మేకులకు తగిలించిన తాళాల గుత్తులు మోగుతున్నాయి. నాలుగు బీములూ ఒకదానికొకటి గట్టిగానే కట్టి ఉన్నాయి గానీ, ఆ నాలుగింటిలో ఏ ఒక్కటీ గోడకు గానీ కాలమ్‌కు గానీ పక్కవాటుగా కట్టి లేదు. చెయ్యి చెయ్యి పట్టుకున్న నలుగురు ఒకేసారి తూలినట్టు, నాలుగు బీములూ కలిసి ఒకే వైపుకు ఊగుతున్నాయి. పై నుంచి చూస్తే నలుచదరంగా కనిపించే ఒక గడిలో మూల నుంచి మూలకు రెండు యాంగిళ్లు ఏటవాలుగా వేయించి, చివరి బీమును రెండు చోట్ల పక్కనున్న కాంక్రీటు కాలమ్‌కు ప్లేటు, యాంకర్ బోల్టులతో కట్టించాను. తాళాలు మోగడం ఆగిపోయింది. కొత్తగా పడిన ఇనుము ముప్పై కిలోలు కూడా ఉండదు.

కాబట్టి అడ్డ ముక్కలు వేశాక పనైపోయిందనుకోకండి. వేలితో దారి పట్టి చూడండి: ఈ ముక్క ఆ బీముకు, ఆ బీము ఈ ఏటవాలు యాంగిల్‌కు, అది కాలమ్‌కు. ఎక్కడైనా వేలు గాలిలో ఆగిపోతే అక్కడ ఒక కట్టు తక్కువైనట్టే.

గాలి పైకి లాగినప్పుడు

పై మాటలన్నీ కిందికి పడే బరువు గురించి. రేకుల కప్పుకు మన ఊళ్లో అసలు శత్రువు పైకి లాగే గాలి. గాలి ఒత్తిడికి సంబంధించిన ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు అవుతుంది. అర మిల్లీమీటరు మందం రేకు బరువు చదరపు మీటరుకు అయిదు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజున మేడల మీది షెడ్లు ఎందుకు లేచిపోయాయో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇందులో బీముకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. గాలి కప్పును పైకి లాగినప్పుడు బీము పైకి వంగుతుంది, అప్పటివరకు లాగుడులో ఉన్న కింది ఫ్లాంజ్ నొక్కుడులోకి వస్తుంది. పర్లిన్లన్నీ (రేకులను మోసే అడ్డ ఇనుములు) పై ఫ్లాంజ్‌నే పట్టుకుని ఉంటాయి కాబట్టి, కింది ఫ్లాంజ్‌ను పట్టేవారే ఉండరు. ఏడాదంతా నిశ్చింతగా నిలిచిన బీము తుఫాను రాత్రి మెలి తిరగడానికి ఇదొక ముఖ్య కారణం. మందు ఖరీదైనది కాదు: ఒక పర్లిన్ వదిలి ఒక పర్లిన్ దగ్గర, పర్లిన్ నుంచి బీము కింది ఫ్లాంజ్‌కు 40×40×5 యాంగిల్ ముక్కను సుమారు 45 డిగ్రీల వాలుగా వేసి రెండు చివర్లా బిగించండి. షెడ్డు వేసేటప్పుడే ఈ ముక్కలు వేయించమని పట్టుబట్టండి, రేకులు కప్పాక నిచ్చెన ఎక్కి చేయడం ప్రయాస.

స్తంభం అడుగును కూడా ఇదే దృష్టితో చూడాలి. మూడు మీటర్లు, నాలుగు మీటర్ల గడిలో కప్పు 12 చదరపు మీటర్లు. దానికి ఇంతకుముందు చెప్పిన గాలి ఒత్తిడి పూర్తిగా తగిలితే 1.8 టన్నులు పైకి లాగుతాయి. ఆ లాగుడును మేడ మీది సున్నపు గచ్చులోనో, టైల్స్ కింది సిమెంటు పొరలోనో దిగగొట్టిన యాంకర్ బోల్టులు ఆపలేవు. గచ్చును చెక్కించి, బోల్టు అసలు శ్లాబు కాంక్రీటులో దిగేలా చూడండి. వీలైతే స్తంభం కింది అంతస్తు కాలమ్‌కు సరిగ్గా పైన వచ్చేలా పెట్టించండి.

చట్రానికి ఏటవాలు కట్టు

నాలుగు కర్రల చదరాన్ని మూలలు నొక్కి పక్కకు వాల్చవచ్చు, మూడు కర్రల త్రిభుజాన్ని వాల్చలేరు. ప్రతి వైపూ కనీసం ఒక గడిలో ఏటవాలు కట్టు ఉండాలి. మూడు మీటర్ల ఎత్తు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న గడిలో మూల నుంచి మూలకు సరిగ్గా అయిదు మీటర్లు రావాలి. రెండు కర్ణాలూ కొలిచి సమానంగా ఉన్నాయని తేల్చుకున్నాకే బిగించండి. 16 మి.మీ. కడ్డీ, టర్న్‌బకిల్ (కడ్డీని తిప్పి బిగించే మర) వాడితే రెండు కర్ణాలకూ వేయాలి, ఎందుకంటే కడ్డీ లాగుడునే ఆపుతుంది, నొక్కితే వంగిపోతుంది. తలుపు కోసం గడి ఖాళీగా ఉంచాలంటే బీముకూ స్తంభానికీ మధ్య మూలలో అడుగున్నర పొడవుకు తగ్గని మూల ఊతాలు వేయండి. అవి కర్ణపు కట్టంత గట్టివి కావు, కానీ లేకపోవడం కన్నా ఎంతో నయం.

కిందికి వంగే ఇనుప బీమును బిగించడం

ఇక్కడ లోతు, అంటే బీము పై అంచు నుంచి కింది అంచు దాకా ఉన్న ఎత్తు, అనే మాట గుర్తుంచుకోండి. బీము లోతు రెండింతలైతే, మిగతాదంతా అలాగే ఉంటే, బిగువు ఎనిమిదింతలు అవుతుంది. ఐఎస్ఎంబి 150 మీటరుకు దాదాపు 15 కిలోలు, ఐఎస్ఎంబి 200 దాదాపు 25 కిలోలు. పది కిలోలు ఎక్కువ పెడితే బిగువు మూడింతలు వస్తుంది. ఇంకా కొనకముందే చదువుతున్నవారికి నా సలహా ఇంతే: లోతైన బీము కొనండి.

బీము ఎక్కించేసి ఉంటే అడుగున ప్లేటు అతికించడం ఒక మార్గం. ఐఎస్ఎంబి 150 కింది ఫ్లాంజ్‌కు 100×8 ఫ్లాట్ పూర్తిగా వెల్డింగు చేస్తే బిగువు సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. నాలుగు మీటర్లకు 25 కిలోల ఇనుముకు దక్కేది అంతే కాబట్టి, వంపు హద్దుకు రెండింతలు ఉన్నచోట ప్లేటు చాలదు. మధ్యలో ఒక స్తంభం వేయడమో, బీము మార్చడమో తప్పదు. మధ్యన స్తంభం వేయగలిగితే మిగతా ఉపాయాలన్నిటికన్నా అదే గట్టిది, కాకపోతే దాని అడుగున సరైన పునాది ఉండాలి.

ప్లేటు అతికించే క్రమం ఇలా ఉండాలి. ముందుగా పైన బరువంతా దింపండి. తర్వాత బీము కింద స్క్రూ జాకీ ప్రాప్స్ (మర తిప్పి ఎత్తు పెంచే తాత్కాలిక ఊతాలు) నిలబెట్టి, వాటి అడుగున వెడల్పాటి చెక్క పలకలు వేసి, బీమును దాని మామూలు స్థానానికి కొద్దిగా ఎత్తండి. ప్రాప్స్ మేడ మీద నిలబెడితే కింది అంతస్తులో కూడా సరిగ్గా అదే చోట ప్రాప్స్ ఉండాలి. బరువు మీదున్న బీమును వేడి చేయడం ప్రమాదకరం. వెల్డింగు వేడికి ఉక్కు ఆ క్షణంలో మెత్తబడుతుంది. రంగు, తుప్పు పూర్తిగా గీకి తెల్లని లోహం కనిపించాకే ప్లేటును క్లాంపులతో పట్టించండి. వెల్డింగు మధ్య నుంచి మొదలుపెట్టి ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క చొప్పున చివర్లకు పోవాలి. ఒకే పక్క ఏకబిగిన లాగేస్తే బీము వంకర తిరుగుతుంది. సముద్రపు గాలికి తేమ పట్టిన ఎలక్ట్రోడ్లను అలాగే వాడనివ్వకండి, పొడిగా దాచినవే వాడాలి.

బలం వరకైతే మధ్య మధ్య ఖాళీలు వదిలి వెల్డింగు చేసినా సరిపోవచ్చు. భీమిలి, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వంటి సముద్రం పక్క చోట్ల మాత్రం ఆ ఖాళీల్లో ఉప్పు నీరు చేరి లోపల తుప్పు ఉబ్బి ప్లేటును విడదీస్తుంది. అందువల్ల అంచు పొడవునా మూసుకుపోయేలా సన్నని వెల్డింగు పూర్తి చేయించండి. తర్వాత జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, దానిమీద ఎపాక్సీ రంగు వేయాలి. ఒక్క పూత రెడ్ ఆక్సైడ్‌తో ఊరుకోకండి.

ఒక బీము మీద మరో బీము కూర్చున్న చోట, బీము స్తంభం మీద ఆనిన చోట వెబ్‌కు (రెండు ఫ్లాంజ్‌ల మధ్య నిలువు పలక) రెండు వైపులా ప్లేటు ముక్కలు నిలువుగా అతికించాలి. వెబ్, ఫ్లాంజ్ కలిసే మూలలో ముక్క చివరను కొద్దిగా కోసేయాలి, లేకపోతే ఆ గుండ్రటి మూలకు తగిలి సరిగా కూర్చోదు.

కర్ర దూలాలు

కర్ర విషయంలో తొందర పనికిరాదు. ఏళ్ల తరబడి బరువు మోసిన దూలం కొద్ది కొద్దిగా వంగుతూనే ఉంటుంది, బరువు తీసినా పూర్తిగా తిరిగి రాదు. పెదవాల్తేరులో ఒక పాత ఇంట్లో 15 మి.మీ. వంపును ఒక్క మధ్యాహ్నంలో జాకీలతో లేపేశాను. దూలం లేచింది, దానిమీదున్న సున్నపు కప్పు పొడవునా చీలింది, తర్వాతి వానకు గదిలోకి నీరు కారింది. ఆ ఇంటివారికి కలిగిన కష్టం నాకు ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి లేపను, సగం వంపు పోతే చాలనుకుంటాను.

మొదట చూడవలసింది గోడలో దూరిన చివర్లను. వన్ టౌన్ ఇళ్లలో టేకు దూలం నడుము ఇనుములా ఉంటుంది, గోడలో చెమ్మ తగిలిన ఆఖరు జానెడు మాత్రం పుచ్చిపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినండి: గట్టి కర్ర టంగుమంటుంది, పుచ్చినది డొల్లగా పలుకుతుంది. తర్వాత దాని మొనతో గుచ్చండి. వేలి గోరంత లోతుకు తేలిగ్గా దిగితే, పక్కన ఏ కట్టు వేసినా ముందు ఆ చివరను బాగుచేయాలి. పుచ్చిన భాగం కోసేసి, రెండు పక్కలా సి ఛానెళ్లు పెట్టి, అవి గట్టి కర్ర మీద కనీసం రెండున్నర అడుగులు పోయేలా బోల్టులతో బిగించి గోడ మీద కూర్చోబెట్టవచ్చు. చివర చుట్టూ సిమెంటు కూరకండి. గాలి ఆడేందుకు అంగుళం ఖాళీ వదలండి. చెదలు ఉంటే మందు ముందు, కట్టు తర్వాత.

కర్ర కట్టడాల ప్రమాణమైన ఐఎస్ 883 ప్రకారం దూలం లోతు దాని వెడల్పుకు మూడింతలు దాటినా, పొడవు వెడల్పుకు 50 రెట్లు దాటినా పక్క పట్టు తప్పనిసరి. ఆ పట్ల మధ్య దూరం కూడా వెడల్పుకు 50 రెట్లు మించకూడదు. 50 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. లోతు దంతెలకు (వరుసగా వేసే సన్న దూలాలు) రెండున్నర మీటర్లకు ఒక వరుస చొప్పున అడ్డ దిమ్మలు కావాలన్నమాట. దిమ్మను ఖాళీకి సరిగ్గా కోసి, సుత్తితో తడితేనే దిగేంత బిగువుగా పెట్టి, రెండు వైపులా స్క్రూలు వేయండి. వరుస చివరి దంతెకూ గోడకూ మధ్య జత చీలలు (ఎదురెదురుగా కొట్టే ఏటవాలు చెక్క ముక్కలు) బిగించడం మరిచిపోకండి. గాజువాక అటకలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది: గోడను తాకని వరుస ఊగుతుంది.

వంపు తగ్గించాలంటే పక్కన అదే లోతు కొత్త దూలాన్ని జోడించవచ్చు. బాగా ఆరిన కర్రే తీసుకోండి, రెండు చివర్లూ గోడ మీద కూర్చోవాలి. చోటు లేకపోతే రెండు దూలాల మధ్య ఉక్కు ప్లేటు ఇరికించండి. 100×200 టేకు దూలపు బిగువు కన్నా 8 మి.మీ. మందం, 180 మి.మీ. లోతు ఉన్న ఒక్క ఉక్కు ప్లేటు బిగువు ఎక్కువ, ఎందుకంటే ఉక్కు టేకుకు సుమారు ఇరవై రెట్లు గట్టిది. ఆ ప్లేటు మీటరుకు 11 కిలోలే. ప్లేటు లోతు కర్ర కన్నా పైనా కిందా 10 మి.మీ. తక్కువ ఉంచాలి, కర్ర ఎండి కుంచించుకున్నప్పుడు ప్లేటు అంచు పొడుచుకురాకూడదు. 12 మి.మీ. బోల్టులు 400 మి.మీ. దూరంలో పైకీ కిందికీ మారుస్తూ వేసి, చివర్లలో ఒక్కొక్కటి అదనంగా పెట్టండి. అంచుకు 50 మి.మీ. లోపల రంధ్రం వేయకండి. ప్రతి బోల్టుకూ 50×50 చదరపు వాషర్ ఉండాలి, లేకపోతే తల కర్రలోకి కూరుకుపోయి పట్టు వదులుతుంది. నడి మధ్యన దూలం అడుగు అంచును మాత్రం వైరు కోసమో, పైపు కోసమో ఎన్నడూ చెక్కనివ్వకండి. లాగుడంతా మోస్తున్నది ఆ అంచే.

కర్ర పక్కన వెల్డింగు చేయవలసి వస్తే తడి గోనె సంచులు కప్పి, నీళ్ల బకెట్లు దగ్గర పెట్టుకుని, పని ముగిశాక కనీసం రెండు గంటలు ఒక మనిషిని అక్కడే కూర్చోబెట్టండి. పాత కర్రలో నిప్పురవ్వ లోలోపల కాలుతూ ఆలస్యంగా అంటుకుంటుంది.

పని అయ్యాక ప్రాప్స్ ఒక్కసారిగా లాగేయకుండా, ప్రతి జాకీనీ కాస్త కాస్తగా దింపండి. మళ్లీ దారం కట్టి కొలిచి, ఆ అంకెనూ తేదీనీ బీము పక్కనే రంగుతో రాయించండి. కర్ర బోల్టులను మూడు నెలలకొకసారి, ఏడాది పాటు బిగించండి. ఏటా అక్టోబరు రాకముందే అదే దారంతో అదే చోట మళ్లీ కొలవండి. అంకె మూడు మిల్లీమీటర్లు మారితే సామాను దింపి, కారణం తేలేదాకా పైకి ఎవరినీ ఎక్కనివ్వకండి.